గొట్టం చుట్టేదాకా

అగ్నిమాపక శిక్షణ కేంద్రం, ఆడవాళ్ళ బ్యారక్, మంచం నంబరు పదకొండు
జూన్ 9

నాన్నకు,

ఫోన్లు మొదటి రోజే ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేశారు. ఆరు నెలలు ఉత్తరాలే గతి. కాగితం మీద రాసి ఎన్నేళ్ళయిందో ఏమో, ఈ రెండు ముక్కలకే వేళ్ళు పీకుతున్నాయి. నిచ్చెన ఎక్కి దిగడం ఇంతకంటే సులువు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మాత్రం ఇంటివాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేయొచ్చట. నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఉప్పు డబ్బా కనపడకపోవడం ప్రాణం మీదికి రావడం కాదని అమ్మకి చెప్పు.

అసలు విషయం దాచిపెట్టి ఊరిస్తున్నానని అప్పుడే పసిగట్టి ఉంటావు. నన్ను జట్టుకి లీడర్ని చేశారు. ఆరుగురు ఆడపిల్లలం. పొద్దున పరుగు, తర్వాత నిచ్చెనలు, సాయంత్రం గొట్టాల పోటీ: గొట్టం విప్పాలి, పంపుకి బిగించాలి, నీళ్ళు కొట్టాలి, ఖాళీ చేసి చుట్టాలి. ఓడిన జట్టు ఆ సాయంత్రం ఎలా బుద్ధి తెచ్చుకోవాలో లీడర్ ఇష్టం. మాస్టార్లు అందులో తల దూర్చరు. ఇక్కడి పద్ధతి అది.

నీ మాట ఇక్కడ బాగా పనికొస్తోంది. "గొట్టం చుట్టేదాకా నీళ్ళు ముట్టకూడదు" అని మొదటి రోజే చెప్పేశాను. నిప్పార్పేవాళ్ళ పరువంతా ఆ మాటలోనే ఉందని నువ్వు చెప్పినట్టే, నీ గొంతు పెట్టి మరీ చెప్పాను. అందరూ నోరెళ్ళబెట్టారు. ఇంటి దగ్గర నువ్వు రెండు గంటలకోసారి ఆ గీతలు గీసిన సీసా ఎత్తి గటగటా తాగే సంగతి మాత్రం చెప్పలేదులే. పరువు నీదే కాదు, నాది కూడా.

మా జట్టులో ఒకమ్మాయి ఉంది, అందరం పిచ్చుక అంటాం. ఇంతకుముందు దర్జీ దుకాణంలో గుండీలు కుట్టేదట. మూడేళ్ళు కుర్చీలోంచి లేవలేదు. పరుగు పరీక్ష ఎలా గట్టెక్కిందో దేవుడికెరుక. మా అందరి చొక్కాల గుండీలూ తనే కుడుతుంది గానీ, గొట్టం పట్టుకుంటే గొట్టమే తనని లాక్కుపోతుంది. తనని దారిలో పెట్టే పూచీ నాది.

నడుం నొప్పి ఎలా ఉంది? బెల్టు పెట్టుకుంటున్నావా?

నీ మొండిఘటం


ఇల్లు, ముందు గది
జూన్ 15

మా మొండిఘటానికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మ ఒకసారి చదివి, ఇరుగుపొరుగుకి నాలుగుసార్లు వినిపించింది. లీడర్‌వి కాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ అయితే ఆశ్చర్యమేముంది. మూడేళ్ళ వయసులో నిన్ను బీరువా ఎక్కకుండా ఆపడం నా తరం కాలేదు.

నా నడుం సంగతి అలాగే ఉంది. మొన్న పక్కింటాయన గ్యాస్ సిలిండర్ ఒక చెయ్యి పట్టమన్నాడు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను, పాపం అర్థం చేసుకున్నాడు. ఆ ముసలావిడని భుజాన వేసుకుని మంటల్లో మూడో అంతస్తు నుంచి దించిన రోజు నుంచీ ఇదే వరస కదా.

జట్టుని బిగించి పట్టుకో. మా రోజుల్లో ఓడితే గుంజీలే. చెవులు పట్టుకుని తీసే బడి గుంజీలు కావు. పూర్తి కోటు, బూట్లు, హెల్మెట్, భుజాన చుట్టిన గొట్టం. మధ్యలో కూర్చున్నవాడు మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టాలి. ఒకసారి ఐదు వందలు తీసి చూపించాను. మా జట్టులో కొత్తగా చేరినవాడొకడు మూడు వందలకే కూలబడ్డాడు. నీళ్ళో అని ఏడ్చాడు. నిప్పు నీ కోసం ఆగుతుందిట్రా అన్నాను.

పిచ్చుకని జాలిపడి వదిలెయ్యకు. మెత్తగా ఉంటే ఎక్కి కూర్చుంటారు.

ఇంకొక మాట. అక్కడ పెద్ద మాస్టారు మా కాలం మనిషే. ఫలానావాళ్ళ అమ్మాయినని ఆయనతో చెప్పుకోకు. నా పేరు వాడి నువ్వు పైకి రావడం నాకిష్టం లేదు.

మీ అమ్మ దీవెనలు. నావి విడిగా.

నాన్న


శిక్షణ కేంద్రం, మంచం నంబరు పదకొండు
జూలై 12

నాన్నా,

బాగున్నాను. ఎండలు మండిపోతున్నాయి. మొన్న నా మడమ బెణికింది, తగ్గిపోయింది. మంగళవారం గొట్టాల పోటీలో ఓడిపోయాం. పక్క జట్టు కంటే నలభై సెకన్లు ఆలస్యం. నువ్వు చెప్పినట్టే బుద్ధి చెప్పాను.

ఒకటి అడుగుతాను, ఊరికే తెలుసుకుందామని. గట్టిగా వ్యాయామం చేశాక ఒంటేలు రంగు మారుతుందా? నల్లగా, పాలు పోయని టీలాగా? జట్టులో ఒకమ్మాయికి నిన్నటి నుంచి అలా వస్తోందట. తొడలు రాయిలా బిగుసుకుపోయాయి. మోకాళ్ళు వంగక, మెట్లు వెనక్కి తిరిగి దిగుతోంది. అందరం నవ్వాం. తనూ నవ్వింది. వేడి చేసిందనీ, రెండు రోజుల్లో అదే పోతుందనీ అన్నాను. మీ రోజుల్లో ఎవరికైనా ఇలా అయ్యిందా? కంగారు పడాల్సిందేమీ లేదనుకో.

వీలు చూసుకుని రాయి.

నీ మొండిఘటం


ఇల్లు, ముందు గది
జూలై 16

అమ్మాయికి,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ అంతా క్షేమం. పెరటి కొళాయి కారుతుంటే కొత్త వాషరు వేయించాను. మీ అమ్మకి కొంచెం జలుబు చేసింది.

నువ్వు అడిగిన అమ్మాయిని నీళ్ళు బాగా తాగమను. నొప్పి మాత్రలు వేసుకోవద్దను. ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిది. ఎన్ని గుంజీలు తీసిందో డాక్టరుకి చెప్పమను. కొందరి ఒంటికి పడదు.

నా సంగతి పెద్ద మాస్టారి దగ్గర ఎత్తలేదు కదా.

నాన్న


శిక్షణ కేంద్రం, మంచం నంబరు పదకొండు
జూలై 24

నాన్నా,

నీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది. అప్పటికే పిచ్చుక ఆసుపత్రిలో చేరి రెండు రోజులు.

ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? విను.

ఆ మంగళవారం జట్టుకి మూడు వందల గుంజీలు వేశాను. కోట్లతో, భుజాన గొట్టంతో. నూట ఎనభై దగ్గర పిచ్చుక కూర్చుండిపోయింది. నీళ్ళు అడిగింది. కొళాయి పది అడుగుల దూరంలో ఉంది, చుక్కలు పడుతున్న చప్పుడు మా అందరికీ వినపడుతోంది. గొట్టం చుట్టలేదు కదా అన్నాను. మళ్ళీ అడిగింది. మా నాన్న ఐదు వందలు తీశాడు, నువ్వు మూడు వందలు తీయలేవా అన్నాను. సున్నా నుంచి మొదలెట్టించాను. తీసింది నాన్నా. మొత్తం నాలుగు వందల ఎనభై. చివరి యాభై నేను పక్కన నిలబడి చప్పట్లు కొడుతూ లెక్కపెట్టాను. తనని మనిషిని చేస్తున్నానని ఎంత పొంగిపోయానో.

నొప్పి అంటే నా మడమకిచ్చిన మాత్రలు పూటకి రెండు చొప్పున మింగించాను. పదమూడున తను సిక్ రూముకి వెళ్తానంది. నేనూ వెంట వెళ్ళి, అక్కడి కాంపౌండరుతో తన బదులు నేనే మాట్లాడాను. తిన్నది పడలేదండీ అన్నాను. తను నా మొహం చూసి ఊరుకుంది. నా లీడర్ పదవి పోతుందని తనకీ తెలుసు. నన్ను కాపాడాలని ఊరుకుంది.

పదిహేడున పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోయింది. కాళ్ళూ మొహమూ ఉబ్బిపోయాయి. ముందు రోజు నుంచి ఒంటేలే రాలేదట. పెద్ద మాస్టారు చేతుల మీద ఎత్తుకుని బండిలో పడుకోబెట్టారు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా అంత హింసపెడితే కండ చచ్చి కరుగుతుందట. కరిగింది రక్తంలో కలిసి, వడపోసే కిడ్నీల్లోకి వెళ్ళి అడ్డం పడుతుందట. నీళ్ళు లేకపోవడం, ఎండ, కోటు, ఆ పైన నొప్పి మాత్రలు, అన్నీ కలిసి పని పూర్తి చేశాయంది. ఇప్పుడు రోజు మార్చి రోజు మిషను మీద రక్తం శుభ్రం చేస్తున్నారు. "రెండు మూడు రోజులు ముందు తెచ్చి ఉంటే ఒట్టి సెలైన్‌తో పోయేదేమో" అంది. కిడ్నీలు తిరిగి పనిచేస్తాయా అంటే, చూద్దాం అంది.

వాళ్ళక్క వచ్చింది. వరండాలో నా రెండు చేతులూ పట్టుకుని, మా చెల్లిని సొంత మనిషిలా చూసుకుంటున్నావటమ్మా, ఉత్తరాల్లో అంతా నీ గురించే రాసేది అంది. భూమి చీలితే అందులో దూరిపోదును. ఎదురుగా నా చొక్కాకి తన చెల్లెలు కుట్టిన గుండీ ఉంది.

సోమవారం లోపల నేను వాంగ్మూలం రాసి పెద్ద మాస్టారికివ్వాలి. ఏం రాయను నాన్నా?


ఇల్లు, ముందు గది
జూలై 27

తల్లీ,

ఏడవకు. నువ్వు కావాలని చేసింది కాదు.

వాంగ్మూలంలో అడిగినదానికే జవాబు రాయి. జట్టంతా ఇష్టపడే చేశారని రాయి, అది అబద్ధం కాదు. ఎవరూ తుపాకీ పెట్టి చేయించలేదు కదా. మాత్రల సంగతి, సిక్ రూములో నువ్వు మాట్లాడిన సంగతి ఎవరూ అడగకపోతే నువ్వెత్తకు. నీళ్ళ మాట నా దగ్గర నేర్చుకున్నానని రాయకు. నా కోసం కాదు, నీ కోసమే చెబుతున్నాను. ఈ ఉద్యోగం కోసం నువ్వు ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. ఒక్క కాగితంతో అంతా పోతుంది.

ఆ అమ్మాయి కోలుకుంటుంది. చాలామంది కోలుకుంటారు.

నాన్న


శిక్షణ కేంద్రం, మంచం నంబరు పదకొండు
ఆగస్టు 2

నాన్నగారికి,

మీరు చెప్పినట్టే రాశాను. అందరూ ఇష్టపడే చేశారని, ఒక పేజీ. దస్తూరి కూడా బాగా కుదిరింది. పెద్ద మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితం బల్ల మీద బోర్లించారు.

"ఇలాంటి కాగితం ఇరవై ఏడేళ్ళ కిందట నేనూ ఒకటి రాశానమ్మా. మీ నాన్న చెబుతుంటే రాశాను" అన్నారు.

నేను ఎవరి కూతురినో ఆయనకి మొదటి రోజే తెలుసట. నా ముక్కే చెప్పిందన్నారు. మీ జట్టులో మూడు వందలకే కూలబడిన మనిషి ఆయనేనని మీరు నాకు రాయలేదు. ఆయన్ని సిగ్గుపడేలా చేయడానికే మీరు ఐదు వందలు తీశారని రాయలేదు. ఆయన చేతే లెక్క పెట్టించారట. రెండో రోజుకి మీకూ టీ రంగులో వచ్చింది. పన్నెండు రోజులు మిషను మీద ఉన్నారు. బయటికొచ్చాక పందేనికి గుంజీలు తీసి ఆసుపత్రి పాలయ్యాడంటే నవ్వుతారని, నిచ్చెన మీద మనిషిని దించుతుంటే నడుం పట్టేసిందని రాయించారు. సాక్షి సంతకం ఆయనది.

మూడో అంతస్తు ముసలావిడ అసలు ఉందా? చిన్నప్పుడు బళ్ళో ఆవిడ గురించి వ్యాసం రాశాను. బహుమతి కూడా వచ్చింది.

"మీ నాన్నకి జరిగింది నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఆయన కూతురు నీళ్ళు తాగమని నలుగురికీ చెప్పే మనిషి అవుతుందనుకున్నానే గానీ, ఇలా అనుకోలేదు" అన్నారు మాస్టారు. ఆయన కూడా తల ఎత్తి మాట్లాడలేదు. ఆ రోజు సాయంత్రం కిటికీలోంచి మా గుంజీలు చూశారట. లీడర్ల పనిలో తల దూర్చకూడదని ఊరుకున్నారట.

నా కాగితం వెనక్కి తీసుకుని చింపేశాను. ఆయన ముందే కొత్తది రాశాను, నాలుగు పేజీలు. మాత్రలు, సిక్ రూము, కొళాయి, చప్పట్లు, అన్నీ. మీ పేరు కూడా రాశాను.

నన్ను లీడర్ పదవి నుంచి తీసేశారు. ఈ బ్యాచ్ నుంచీ తీసేశారు. వచ్చే బ్యాచ్‌లో మొదటి నుంచి మొదలుపెట్టొచ్చా లేదా అన్నది పైవాళ్ళు చెప్పాలి. అంతదాకా సామాన్ల గదిలో హెల్మెట్లు తుడుస్తున్నాను.

మీ సీసా మీద, ఎప్పుడెంత తాగాలో తెలియడానికి, గీతలు ఏడు. పొద్దున ఏడింటికి మొదలు, రాత్రి ఎనిమిదికి ఆఖరు గీత. నాకు గుర్తున్నంత వరకు మీరు ఒక్క గీతా తప్పలేదు, ఏటేటా రక్తపరీక్షా తప్పలేదు. ఆ సీసా పక్కన పెట్టుకునే నాకు నీళ్ళు ముట్టకూడదని నేర్పారు. ఎందుకు?


ఇల్లు, వెనక గది
ఆగస్టు 8

అమ్మా,

నువ్వు గారు అని రాసినందుకు బాధపడ్డాను. అది నా అర్హతకి ఎక్కువే అని తర్వాత అనిపించింది.

ముసలావిడ లేదు. మూడో అంతస్తు లేదు. నడుం నొప్పి ఎప్పుడూ లేదు. ఆ బెల్టు మొదట్లో మీ అమ్మే తెచ్చిచ్చింది, నలుగురూ నమ్మాలని. తర్వాత అది లేకపోతే నాకే ఏదో వెలితిగా ఉండేది.

ఎందుకని అడిగావు. నాకు తెలిసినంత చెబుతాను. ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను నిప్పార్పే బండెక్కనివ్వలేదు, సామాన్ల గదికి మార్చారు. అక్కడే పదవీ విరమణ దాకా హెల్మెట్లు, గొట్టాలు, బూట్లు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. నీకు ఆరేళ్ళప్పుడు ఒకసారి నా ఒళ్ళో కూర్చుని, నాన్నా నువ్వు మంటల్లోకి వెళ్తావా అని అడిగావు. నా దగ్గర చెప్పడానికేముంది? పాత రోజుల్లో మేం అనుకునే గొప్పలే ఉన్నాయి. అవే చెప్పాను. నీ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు కోసం మళ్ళీ చెప్పాను. గొట్టం మాట తప్పని నాకు డాక్టరు మొహం మీదే చెప్పాడు, తెలియక నీకు నేర్పానని అనలేను. కానీ అది తప్పని నీకు చెప్పాలంటే నాకెలా తెలిసిందో కూడా చెప్పాలి. నువ్వు ఎప్పుడో పెద్దయి, ఎక్కడో ఇంకో పిల్లకి ఆ మాట చెబుతావని ఊహించలేదంటే, అది నిజమే. ఊహించాలని ప్రయత్నించలేదు.

నువ్వు కనిపెట్టలేనిది ఇంకొకటి ఉంది. ఇది ఎవరూ నీకు చెప్పలేరు, మాస్టారు కూడా.

నీ ప్రశ్న ఉన్న ఉత్తరం నాకు పదిహేనో తారీకు పొద్దున పదింటికి అందింది. టీ రంగు అన్న మాట చదవగానే లేచి నిలబడ్డాను. ఇంకొకరైతే అర్థం కాకపోవచ్చు, నాకు అర్థమైంది. నీ మొదటి ఉత్తరం వెనక ఆఫీసు నంబరు ఉంది. దాన్ని గోడకి అంటించింది నేనే. ఫోన్ దగ్గరికి వెళ్ళాను. నంబరు నొక్కాను. అవతల "హలో" అన్నది వాడే. ఇరవై ఏడేళ్ళయినా గొంతు పోల్చుకున్నాను. ఇప్పుడు నేను నోరు తెరిస్తే, ఆ అమ్మాయిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు, నాకైనట్టే అవుతోంది, నా కూతురే చేయించింది అనాలి. మూడు వందలకి కూలబడినవాడితో అనాలి. ఫోన్ పెట్టేశాను.

మీ అమ్మ వంటింట్లోంచి, చేశారా అని అడిగింది. చేశాను, చెప్పాను అన్నాను.

తర్వాత కూర్చుని కొళాయి వాషరు గురించి నీకు ఉత్తరం రాశాను. పోస్టు డబ్బాలో వేస్తున్నప్పుడు అది మూడు రోజులకి గానీ చేరదని నాకు తెలుసు. రెండు మూడు రోజులు ముందు అని డాక్టరమ్మ అన్న మాట నువ్వు నీ తప్పుగా రాశావు. పదకొండు నుంచి పదిహేను దాకా నీ తప్పే కావచ్చు. పదిహేను తర్వాతది నాది. నువ్వు తెలియక చేశావు. నేను తెలిసే చేశాను.

ఆ పైన నీకు నోరు మూసుకోమని సలహా ఇచ్చాను. దానికి ఏం పేరు పెట్టాలో కూడా తెలియడం లేదు.

మీ అమ్మ నీ ఉత్తరం చదివింది. నేను ఫోన్లో ఏమీ చెప్పలేదని నా నోటితోనే ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. సీసా మాత్రం పొద్దునే నింపి పెడుతోంది.

ముందు గదిలో మనుషులు వస్తారని వెనక గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వు జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను.

నాన్న


శిక్షణ కేంద్రం, సామాన్ల గది
ఆగస్టు 14

నాన్నా,

నీ ఉత్తరం చదివి ఐదు రోజులు రాయకూడదని అనుకున్నాను. మూడో రోజుకే కూర్చున్నాను. మొండితనం తగ్గుతోంది.

నిన్ను క్షమించానని రాయను. నా చేతుల్లో లేని పని అది. ఫోన్ పెట్టేసిన సంగతి చదివినప్పుడు కాగితం విసిరికొట్టాను. కాసేపటికి సిక్ రూములో నేను కాంపౌండరుతో మాట్లాడిన తీరు గుర్తొచ్చింది. తను పక్కనే నిలబడి ఉంది, నిలబడలేక బల్ల పట్టుకుంది. నేను నవ్వుతూ మాట్లాడాను. నువ్వు కనీసం నవ్వలేదు. విసిరిన కాగితం వెళ్ళి తీసుకున్నాను.

నీ ఉత్తరం పెద్ద మాస్టారికి చూపించాను. నిన్ను అడగలేదు. ఆయన ఫోన్ ముక్క రెండుసార్లు చదివి, "ఆ రోజు ఎవరో చేసి పెట్టేశారు, గుర్తుంది, రాంగ్ నంబరనుకున్నాను" అన్నారు. మర్నాడు పొద్దున పరేడు మైదానం మధ్యలో నీళ్ళ డ్రమ్ము పెట్టించారు. విజిల్ వేసినప్పుడల్లా మాస్టార్లతో సహా అందరూ తాగాలట. లీడర్లు గుంజీలు వేయించే పద్ధతి తీసేశారు. మొదటి గ్లాసు ఆయనే తాగారు.

పిచ్చుకకి మిషను ఆపేశారు. నిన్న ఎనిమిది వందల మిల్లీలీటర్లు వచ్చిందని నర్సమ్మ కొలిచి చెబితే, పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినంత సంబరపడింది. కిడ్నీలు మొత్తం కోలుకుంటాయా, సగమే కోలుకుంటాయా అన్నది ఇంకో మూడు నెలలకి గానీ తేలదట. ఈ ఉద్యోగానికి మళ్ళీ తీసుకోరని మాత్రం తేలిపోయింది. ఆ సంగతి తనకి నేనే చెప్పాను. ఇంకెవరూ చెప్పకూడదని పట్టుబట్టి చెప్పాను. తను గోడ వైపు తిరిగి పడుకుంది.

మొన్న వెళ్ళి, నా వాంగ్మూలం నకలు తనకీ వాళ్ళక్కకీ ఇచ్చాను. అక్క చదివి, అది మడిచి నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయింది. చేతులు పట్టుకోలేదు. పిచ్చుక కూడా చదివింది. తర్వాత ఒకటే అడిగింది. "ఇలా అయ్యాక మనుషులు ఎన్నాళ్ళు బతుకుతారు? డాక్టరమ్మ చాలామంది బాగానే ఉంటారంటుంది. ఆ చాలామందిలో ఒక్కరినైనా నేను చూడలేదు."

నేను నీ సంగతి చెప్పాను. ఐదు వందలు, పన్నెండు రోజులు, ఏడు గీతల సీసా, ఏటేటా రక్తపరీక్ష, ఇరవై ఏడేళ్ళు. ముసలావిడ గురించి కూడా చెప్పాను, అబద్ధమని. అప్పుడు కొంచెం నవ్వింది. నవ్వితే ఒళ్ళు నొప్పని ఆపేసింది. "ఇరవై ఏడేళ్ళా? ఆయన్ని చూపించు" అంది.

ఫోన్ సంగతి చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి.

వచ్చే ఆదివారం రా. నాలుగు నుంచి ఆరు దాకా లోపలికి రానిస్తారు. పెద్ద మాస్టారు కూడా ఆ టైముకే వస్తానన్నారు. అమ్మ మాట్లాడకపోయినా సరే, అమ్మని తీసుకునే రా. సీసా తెచ్చుకో, తను గీతలు చూడాలంది. ఎవరు ముందు, ఎలా మొదలుపెట్టాలి అని ఆలోచించకు, కుర్చీ మంచం పక్కన వేసి ఉంచుతాను, వచ్చి కూర్చుని అన్నీ చెప్పు. తను ఏమన్నా పడు. నేనూ అక్కడే ఉంటాను.

వార్డు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. తన మంచం తలుపుకి ఎదురుగానే, అక్కడి నుంచి మెట్లు కనపడతాయి. ఎక్కి వచ్చేటప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకోకు.